విన్నప్పటి నుంచి మైల

నేను సంచి సర్దితే చాలు, మా ఆయన ఇంటిపేరు వాళ్లలో ఎవరో ఒకరు పోతారు. పద్నాలుగేళ్ల కాపురంలో నాకు గట్టిగా తేలిన విషయం ఇదొక్కటే. పెళ్లయిన నెలకు అరకు వెళ్దామని టిక్కెట్లు తీస్తే రాంబిల్లిలో ఓ పెదతాత పోయాడు. ఆయన్ని నేను పెళ్లిలో కూడా చూడలేదు. ఊటీకి బయల్దేరి ఆటోలో సామాను పెడుతుంటే రావికమతంలో ఎవరికో మగపిల్లాడు పుట్టాడని ఫోనొచ్చింది. పురుడు కూడా మైలేనట. కేరళ పడవల కోసం ఏడాది ముందు నుంచి సెలవు రాయించుకుంటే, వెళ్లాల్సిన రోజున ఒకరు కాదు, పోటీ పడ్డట్టు ఇద్దరు పోయారు.

మైల అంటే పది రోజులు గుడికి వెళ్లకూడదు, పెళ్లికి వెళ్లకూడదు, పప్పులో పోపు వెయ్యకూడదు. సరదా ప్రయాణాల మాట ఎత్తనే కూడదు. కొండకర్ల చుట్టుపక్కల ఈ ఇంటిపేరు వాళ్లు నూట నలభై గడపలున్నారు. వాళ్లంతా ఒకేసారి ప్రాణాలతో, ఎవరూ పుట్టకుండా, ఒక వారం రోజులు ఆగడమనేది దేవుడికి కూడా చేతకాదు.

ఈ కబుర్లన్నీ మోసేది మా తోడికోడలు నూకరత్నం. ఆవిడ నేరుగా చెప్పదు. ఫోనెత్తగానే "సీదేవమ్మా, వంట సేసేసేవేటి?" అంటుంది. పోపు వేసేశానా అని అడగడం అన్నమాట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

మా బావగారు బంగారయ్య కొండకర్ల ఆవలో, అంటే ఊరి పక్కనున్న మంచినీటి సరస్సులో, దోనె నడుపుతాడు. రెండు తాటిబొండల్ని దొలిచి పక్కపక్కన కట్టి, మధ్యలో మనిషి కూర్చోవడానికి ఒక చెక్క వేస్తారు, అదీ దోనె. ఈయన వెనక ఉత్తికాళ్లతో నిలబడి గెడ వేస్తాడు. చలికాలం పిట్టల్ని చూడడానికొచ్చే వాళ్లని తిప్పుతాడు, మిగతా కాలం వరి. తండ్రి పోయేనాటికి ఈయనకు ఇరవై ఏళ్లు, మా ఆయనకు ఎనిమిది. ఆ దోనె మీదే తమ్ముణ్ణి పాలిటెక్నిక్ దాకా చదివించాడు. ఈ సంగతి నేను పెళ్లిచూపుల రోజు మొదటిసారి విన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

మా ఆయన దేవీప్రసాద్ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడ అరవై మందిని కేకలేస్తాడు, అన్న ముందు మాత్రం కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంటాడు. "అన్నయ్య ఏటంటాడో" అనకుండా మా ఇంటికి ఒక ఫ్యాను కూడా రాలేదు. అటువైపూ అదే తంతు. ధాన్యం ఎప్పుడు అమ్మాలన్నా, కళ్లద్దాలు పెట్టుకోవాలా వద్దా అన్నా, సూది మందు వేయించుకోవాలన్నా సరే, "మా పెసాదు సెప్తే సరే" అంటాడు పెద్దాయన. డాక్టరు చెప్పినా వినడు, పెళ్లాం ఏడ్చినా వినడు. తమ్ముడు ఊ అనాలి. వాళ్లిద్దరి మధ్యా నేను పద్నాలుగేళ్లుగా కుర్చీ వేసుకుని కూర్చుందామని చూస్తున్నాను. చోటే లేదు.

నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. నది కొండను ఎలా కోస్తుందో పదిహేనేళ్లుగా నల్లబల్ల మీద బొమ్మ వేసి చెబుతున్నాను. ఒక్కసారీ కళ్లతో చూడలేదు. అందుకే ఈ దసరా సెలవులకు గండికోట అన్నాను. పెన్న నది కోసిన ఎర్రరాళ్ల లోయ ఒక రోజు, దానికి దిగువన జలాశయంలో కొత్తగా పెట్టిన హౌస్‌బోటులో ఒక పగలూ ఒక రాత్రీ. రెండు గదులు, పైన డెక్కు, వంట వాళ్లదే. ఫోటోలు చూసి మా అమ్మాయి అంబిక గంతులేసింది. పన్నెండేళ్ల పిల్ల, తండ్రి చుట్టాల చావులు తప్ప సెలవులు ఎరగదు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు బావగారిని ఆస్పత్రిలో చేర్చారు. కాలి బొటనవేలికి పుండు. చెప్పు కొరికిందని పసుపు రాసుకుంటూ కూర్చున్నాడు, షుగరు సంగతి మర్చిపోయి. డాక్టరు రోజూ కట్టు కట్టాలి, ఇంజెక్షన్లు చెయ్యాలి అన్నాడు, ఇప్పటికి కంగారు లేదన్నాడు. మేము చూడ్డానికి వెళ్లాం. నాకు మాత్రం కంగారుగానే ఉంది, మళ్లీ ప్రయాణం ఆగిపోతుందేమోనని.

"ఎల్లండి, ఎల్లండి. కాలికి పుండు, అంతే గదా. దీనికోసం మానేత్తారేటి?" అన్నాడు ఆయనే. తర్వాత నా వైపు చూసి నవ్వాడు. "అయితే సీదేవమ్మా, బోటెక్కడానికి అంత దూరం పోవాలేటి? మన ఆవ లేదా? కాలు తగ్గనీ, నేనే తిప్పుతాను."

"మీ తాటిబొండల మీద కూర్చుంటే చీరంతా తడుస్తుంది బావగారూ. దాన్ని బోటంటారా? అందులో బాత్రూం ఉందా?" అన్నాను.

పక్క మంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కట్టు కట్టిన పాదాన్ని దుప్పటి కిందికి లాక్కున్నాడు. అది నేను చూశాను. చూసినందుకు నాకు జాలి కలగలేదు, సరదాగానే అనిపించింది. ఒక్కసారైనా నా మాటదే పైచేయి అయింది కదా అనుకున్నాను.

వెళ్లేటప్పుడు మా ఆయన గుమ్మం దగ్గర ఆగి, "వదినా, ఏటైనా ఉంటే ఫోన్ సెయ్యి. ఎంటనే సెయ్యి" అన్నాడు. నూకరత్నం తలూపింది. నేనూ అక్కడే ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం కడప బండి ఎక్కాం. రైలు తుని దాటాక నేను సంచిలోంచి తాండ్ర పెట్టుకున్న స్టీలు డబ్బా తీశాను. తాండ్ర అందరికీ పంచేసి ఖాళీ డబ్బా ముందుకు చాపాను.

"ఫోన్లు" అన్నాను.

"ఏటి?"

"ఫోన్లు ఆపి ఇందులో వెయ్యండి. బుధవారం పొద్దున అనకాపల్లిలో దిగాక తీసుకోవచ్చు."

ఈ ఉపాయం నాది కాదు. రావికమతంలో మా పెద్దత్త అప్పలనర్సమ్మ ఉంది. తొంభై దాటింది, మంచంలో ఉంది, వేసవి నుంచీ ఇవాళా రేపా అన్నట్టుంది. ఆవిడే ఒకసారి, సూరత్‌లో ఉన్న మనవడి గురించి చెబుతూ, "ఆడికి కబురు తెలీలేదు గదమ్మా, మరి మైలేటి? ఇన్నప్పటి నుంచే గదా మైల" అంది. పద్నాలుగేళ్లుగా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. వినకపోతే లేదు. ఇంత తేలికైనదానికి నేను ఊటీ మానుకున్నాను, కేరళ మానుకున్నాను.

"అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడే" అన్నాడు మా ఆయన.

"ఉంటే? మీరు వెళ్లి కట్టు కడతారా? అక్కడ డాక్టర్లున్నారు. ఇప్పుడు భయమల్లా మీ పెద్దమ్మతో. ఆవిడ సరిగ్గా నేను పడవెక్కే రోజే పోతుంది, కావాలంటే రాసిస్తాను. మీ వదిన పోపు కబురు చెబుతుంది. మీరు వెంటనే మొహం వేలాడేసుకుని సామాను సర్దమంటారు. ఈసారి నేను సర్దను. మీరొక్కరే వెళ్లండి, నేనూ పిల్లా అక్కడే ఉంటాం. ఎన్ని రోజులుంటామో నాకే తెలీదు."

ఎదుటి బెర్తు వాళ్లు వింటున్నారు. అందుకే గట్టిగా అన్నాను. నలుగురి ముందు గొంతు పెంచితే మా ఆయన లొంగిపోతాడని నాకు తెలుసు.

"పెదనాన్న ఫోన్ చేస్తేనో?" అంది అంబిక.

"వచ్చాక మాట్లాడొచ్చు. ఆయనెక్కడికీ పరిగెత్తడం లేదు కదా" అన్నాను.

మా ఆయన ఫోను ఆపి డబ్బాలో వేశాడు. పిల్లదీ వేసింది. నాది మాత్రం ఫోటోల కోసం బయట ఉంచుకున్నాను, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి.

గండికోట నేను అనుకున్నదానికన్నా బాగుంది. కోటలోంచి నడిచి వెళ్తే ఒక్కసారిగా నేల అయిపోతుంది. కింద చాలా లోతున పెన్న. రెండు వైపులా ఎర్రరాళ్లు పొరలు పొరలుగా, మా ఊరి బెల్లం దిమ్మను పగలగొడితే లోపల కనిపించే రంగులో. చుట్టూ ముళ్లచెట్లు తప్ప పచ్చదనం లేని ఎండిన నేల, ఎడారిలా. నేను రాతి అంచున నిలబడి పదిహేనేళ్ల పాఠం మొత్తం అంబికకు అప్పజెప్పాను.

మా ఆయన ఒక బండ మీద చతికిలబడి జేబు తడుముకున్నాడు. ఫోను లేదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పది నిమిషాలకోసారి అదే.

"అన్నయ్య సూత్తే ఏటంటాడో దీన్ని" అన్నాడు.

"ఇక్కడికీ వచ్చాడా మీ అన్నయ్య? ఏ రాయి కింద ఉన్నాడో చూడండి" అన్నాను.

అంబిక లోయలోకి దిగే దారిలో ఒక చిన్న ఎర్రరాయి ఏరుకుంది, గుడ్డు అంతది. "పెదనాన్నకి" అంది. ఇద్దరూ ఇద్దరే అనుకున్నాను. ఆ రోజంతా ఎండలో తిప్పాను వాళ్లని. మోకాళ్లు నొప్పులంటే వినలేదు, దాహమంటే వినలేదు. ఇన్నాళ్ల బాకీ అంతా ఒక్కరోజులో నడిపించి వసూలు చేసుకున్నాను.

సోమవారం పొద్దున హౌస్‌బోటు ఎక్కాం. రేకు కప్పు, కిటికీలకు నీలం పరదాలు, డెక్కు మీద ప్లాస్టిక్ పూలు. ఫోటోల్లో ఉన్నంత కొత్తగా లేదు. అయినా అది నీళ్ల మీద కదిలే ఇల్లు, అందులో మంచం, ఆ మంచం మీద నేను. దూరంగా ఎర్రకొండలు మెల్లగా జరుగుతున్నాయి. వంటతను చేపల పులుసు వండుతున్నాడు. ఇప్పుడు చెప్పకూడని మాటే, కానీ ఆ రోజు నేను పెళ్లయ్యాక ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను.

సాయంత్రానికి మా ఆయన కూడా కొంచెం తేలికపడ్డాడు. డెక్కు మీద కుర్చీలో వాలి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కాళ్లు రెండూ కమ్మీ మీదికి చాపి ఏదో అంటే నవ్వాడు. అప్పుడే ఫోటో తీశాను. ఇంత మంచి ఫోటో మా పెళ్లిలో కూడా లేదు. మా స్కూలు టీచర్లందరూ చూడాలనిపించింది. ముఖ్యంగా, ప్రతి సెలవులకూ సింగపూరు ఫోటోలు పెట్టే లెక్కల టీచరు శాంతమ్మ చూడాలనిపించింది.

కింద గదిలోకి వెళ్లి ఫ్లైట్ మోడ్ తీశాను. ఒక్క నిమిషం కోసం. స్టేటస్ పెట్టాను, "ఎట్టకేలకు!" అని రాసి. టైము నాలుగూ పది.

అప్పుడు మొదలైంది టింగు టింగుమని. నూకరత్నం అక్క నుంచి మిస్డ్ కాల్సు, పదిహేడు. ఒక వాయిస్ మెసేజి కూడా, ముప్పై ఎనిమిది సెకన్లది.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. పోయింది ముసల్ది. సరిగ్గా నా పడవ రోజునే పోయింది. నేను చెప్పలేదా!

వాయిస్ మెసేజి మీద వేలు పెట్టబోయి ఆగాను. వింటే మైల. వినకపోతే ఏమీ లేదు. ఆవిడ తొంభై ఏళ్లు బతికింది, ఇంకో రెండు రోజులు నేను విననంత మాత్రాన ఆవిడకొచ్చిన నష్టం ఏముంది? ఇలా అనుకుంటుండగానే స్టేటస్ చూసిన వాళ్ల వరసలో మొట్టమొదటి పేరు కనిపించింది, నూకరత్నం అక్క అని. ఆ వెంటనే ఫోను మోగింది. తెరంతా ఆవిడ పేరే.

కట్ చేశాను. మళ్లీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసి పైకి వెళ్లాను.

"ఏటైనా వచ్చిందేటే?" అన్నాడు మా ఆయన, నా చేతిలో ఫోను చూసి.

"ఇక్కడ సిగ్నలెక్కడుందండీ! ఫోటోలు చూసుకుంటున్నాను" అన్నాను.

పులుసు చాలా బాగుంది. మా ఆయన రెండోసారి వేయించుకున్నాడు.

బుధవారం పొద్దున అనకాపల్లి స్టేషను బయట త్రినాథ్ ఆటో కనిపించింది. త్రినాథ్‌ది కొండకర్లే, మా ఆయనకు బావ వరస. సామాను అందుకోబోయి ఆగాడు.

"ఏటి బావా, ఇప్పుడా రావడం?" అన్నాడు.

"ఏటయ్యింది? పెద్దమ్మ పోయిందేటి?" అన్నాడు మా ఆయన.

"పెద్దమ్మకేటి, రాయిలా ఉంది. నిన్నే పెరుగన్నం అడిగి తింది. నీకు తెలీదేటి? బంగారయ్యకి కాలు తీసేసేరు గదా నిన్న. తొడకాడికి."

మా ఆయన స్టీలు డబ్బా కోసం చెయ్యి చాపాడు. నేను మూత తీయలేకపోయాను. గట్టిగా పట్టేసింది. అంబిక తీసి ఇచ్చింది.

వార్డులో బావగారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కింద ఒకవైపు కాలు ఉంది, రెండోవైపు దుప్పటి పరుపుకు అంటుకుపోయి ఉంది. మా ఆయన "అన్నయ్యా" అన్నాడు. పెద్దాయన తిరగలేదు. మెలకువగానే ఉన్నాడు. మెడ నరం కదలడం నాకు కనిపించింది.

నూకరత్నం మమ్మల్ని వరండాలోకి తీసుకొచ్చింది. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

"ఆదారం సాయంత్రం సెప్పేరు బాబూ. బొటనేలూ దాని పక్కేలూ తీసేత్తే సాలన్నారు. సోమారం సాయంత్రం లోగా అయిపోవాల, లేపోతే ఇసం పైకి పాకిపోద్దన్నారు. ఈయన ఒప్పుకోలేదు. బొటనేలు లేపోతే దోనె మీద పట్టేటుంటాది అన్నాడు. మా పెసాదు సెప్పాల, అప్పుడే సంతకం ఎడతాను అన్నాడు. డాట్రుగారు తిట్టేరు. నేను కాళ్లట్టుకున్నాను. ఇన్లేదు. నీకు సేత్తానే ఉన్నాను. స్విచాఫ్, స్విచాఫ్. సీదేవమ్మకి సేసేను."

నేను నేలవైపు చూస్తున్నాను.

"సోమారం నాలుగింటికి నా ఫోన్లో నీ పోటో వచ్చింది. ఆయనకి సూపించేను. మంచం మీద లేచి కూకున్నాడు. అల్లదిగో ఆన్ సేసేరు, సెయ్యి సెయ్యి, అన్నాడు. సేసేను. మోగింది. కట్ అయిపోయింది." ఆవిడ పమిటతో ముక్కు తుడుచుకుంది. "సిగ్నల్ పోయినట్టుందే, మళ్లీ సెయ్యి, అన్నాడు. సేసేను. స్విచాఫ్. ఆ పోటోనే సూత్తా ఉన్నాడు సాలాసేపు. అప్పట్నుంచి ఏటీ అనలేదు. నిన్న జొరంలో తెలివి లేనప్పుడు డాట్రుగారు నా చేత సంతకం ఎట్టించి తీసేసేరు."

మా ఆయన నా వైపు తిరిగాడు. "మోగిందా?" అన్నాడు.

"నేను పెద్దత్త అనుకున్నానండీ" అన్నాను.

"నాలుగింటికి మోగిందా?"

"పెద్దత్త పోయిందనుకున్నాను. మీరు బాధపడతారని..."

ఆ అబద్ధం నోట్లోనే చేదుగా తగిలింది. ఆయన చెయ్యి చాపాడు. ఫోను ఇచ్చాను. వాయిస్ మెసేజి పక్కన చుక్క ఇంకా అలాగే ఉంది, ఎవరూ విననట్టు. ఆయన వరండా గోడకు ఆనుకుని నొక్కాడు. ఆస్పత్రి రొదలోంచి బావగారి గొంతు వచ్చింది, ఫోన్లో మాట్లాడితే గట్టిగా అరవాలనుకునే మనిషి కదా, అందరికీ వినిపించింది.

"ఒరే పెసాదూ, నేన్రా. బొటనేలూ పక్కేలూ తీసేత్తామంటన్నారు. తీసేత్తే దోనె మీద నిలబడగలనేటి? నిలబడొచ్చంటన్నాడు డాట్రు. ఆడికేటి తెల్సు దోనె సంగతి. నువ్వు సెప్పు. నువ్వు ఊ అంటే ఊ అంటాను. సాయంత్రం లోగా సెప్పాలంట. పిల్లకి బోటు నచ్చిందేటి? ఫోన్ సెయ్యరా."

ముప్పై ఎనిమిది సెకన్లు అయిపోయాయి. మా ఆయన మళ్లీ నొక్కాడు. మళ్లీ. నాలుగోసారి అంబిక వచ్చి తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుంది. నా వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

తర్వాత వారం రోజులూ ఆయన డ్యూటీకి వెళ్లకుండా ఆస్పత్రిలోనే ఉన్నాడు. మందులు తెచ్చాడు, పక్క దులిపాడు, వరండాలో బెంచీ మీద పడుకున్నాడు. ఆయన లోపలికి వెళ్తే బావగారు గోడవైపు తిరుగుతాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను కేరేజీ పట్టుకెళ్తే నూకరత్నం తీసుకుని బెంచీ కింద పెట్టేది, సాయంత్రం అలాగే తిరిగి ఇచ్చేది. ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నెలో పప్పు చూశాను ఒకసారి. పోపు లేదు. పథ్యం కాబోలు అనుకున్నాను.

పై బుధవారం సాయంత్రం ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్నే మేం ముగ్గురం కొండకర్ల వెళ్లాం. అంబిక ఎర్రరాయి తెచ్చింది.

వాళ్ల పెరట్లో బావగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. కట్టుకు నీళ్లు తగలకుండా పాలిథిన్ సంచి చుట్టి, నూకరత్నం తలమీంచి చెంబుతో నీళ్లు పోస్తోంది. ఆయన జుట్టు పల్చబడిపోయి నెత్తి కనిపిస్తోంది. పక్కనే దండెం మీద ఇంట్లో ఉన్న బట్టలన్నీ తడిపి ఆరేసి ఉన్నాయి. గుమ్మం కడిగి ఉంది.

"ఈ తానాలేటి వదినా? ఎవరు పోయేరు?" అన్నాడు మా ఆయన. ఆ ఇంటిపేరు వాళ్లకు ఆ స్నానం చూస్తే వేరే చెప్పక్కర్లేదు. మైల విడిచే పదకొండో రోజు స్నానం.

నూకరత్నం మళ్లీ చెంబు ముంచింది. అంబిక నెమ్మదిగా ముందుకెళ్లి రాయి చాపింది. "పెదనాన్నా, నీకే. గండికోట నుంచి తెచ్చాను" అంది.

ఆయన ముఖం మీద నీళ్లు తుడుచుకుని దాన్ని చూశాడు. ఆ పిల్లని మూడేళ్ల వయసు నుంచి దోనె ముందు కూర్చోబెట్టుకుని తిప్పాడు. కలువపూలు కోసిచ్చాడు.

"ఎవరి పాపవమ్మా?" అన్నాడు.

అంబిక నవ్వబోయింది, ఆట అనుకుని. ఆయన ముఖం చూసి ఆపేసింది. "ప్రసాద్ గారి అమ్మాయిని" అంది చిన్నగా.

"పెసాదా?" అన్నాడు ఆయన. "మా పెసాదు పోయేడు గదమ్మా. సోమారం సాయంత్రం, నాలుగూ పదికి. ఇన్నప్పట్నుంచే మైల పట్టేం. ఇయాల్టితో తీరిపోయింది."

మా ఆయన తడినేల మీద కూర్చుండిపోయాడు. "అన్నయ్యా, నన్ను కొట్టు. తిట్టు. అలా అనకన్నయ్యా" అన్నాడు. ఉన్న ఒక్క పాదాన్నీ పట్టుకున్నాడు. బావగారు వంగి, చిన్నపిల్లాడి వేళ్లు విడదీసినట్టు ఒక్కొక్క వేలే విడదీశాడు. "నీళ్లు పొయ్యవే, సలేత్తంది" అన్నాడు నూకరత్నంతో.

ఆ కసి చూసి నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. కాలు నేను తీశానా, సంతకం పెట్టొద్దని నేను చెప్పానా అని అరవాలనిపించింది. అరిచి ఉండేదాన్ని కూడా. కానీ అంబిక ఇంకా రాయి చాపే నిలబడి ఉంది, తీసుకునేవాళ్లు లేరు. నేను వెళ్లి దాని చెయ్యి కిందికి దింపాను. అది నా చెయ్యి విదిలించుకుంది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మా ఆయన నాతో అవసరమైనవి మాట్లాడతాడు. ఉప్పు, గ్యాసు, పిల్ల ఫీజు. ఫోను ఎప్పుడూ ఆపడు. స్నానానికి వెళ్తే కూడా కిటికీలో పెట్టుకుంటాడు. అది కంపెనీ వాళ్లు చేస్తే తప్ప మోగదు.

మొన్న గురువారం స్కూలు నుంచి వస్తూ జంక్షన్‌లో కొత్త ఫ్లెక్సీ చూశాను. దండ వేసిన ఫోటో, అప్పలనర్సమ్మ పెద్దత్త. పెద్దకర్మ ఆదివారం అని రాసి ఉంది. కింద దుఃఖిస్తున్న కుటుంబ సభ్యుల పేర్లు, చిన్న అక్షరాల్లో, నాలుగు వరసలు. రాంబిల్లి వాళ్లున్నారు, రావికమతం వాళ్లున్నారు, సూరత్‌ మనవడు ఉన్నాడు. బంగారయ్య, నూకరత్నం ఉన్నారు. దుమ్ములో నిలబడి రెండుసార్లు చదివాను. దేవీప్రసాద్ అన్న పేరు లేదు. ఆవిడ పోయి వారం రోజులైందని, మా ఇంటికి ఒక్క ఫోనూ రాలేదని అక్కడే తెలిసింది.

మా ఆయన అప్పటికే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనా అదే దారిలో వచ్చాడు. "చూశారా?" అన్నాను. తలూపాడు. "మరి మనకు..." అని ఆగాను. చచ్చిపోయిన మనిషికి మైలేమిటి?

వంటింట్లోకి వెళ్లి పప్పు దించాను. మూకుడు పెట్టి నూనె పోశాను. ఆవాలు చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను, నూకరత్నం గొంతు కోసం చెవులు రిక్కించుకుని. నూనె పొగలు కక్కింది. వేసేశాను.